జర్మనీలో రైలు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకోవడానికి జర్మనీ వచ్చే మన పిల్లలు, వాళ్లను చూడటానికి వచ్చే అమ్మానాన్నలు, ఉద్యోగం మీద వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడ రైలు ఎక్కడం చాలా తేలిక. స్టేషన్లలో గేట్లు ఉండవు, బ్యాగులు ఎవరూ తనిఖీ చేయరు, నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోవచ్చు. చిక్కంతా టికెట్ దగ్గరే వస్తుంది. ఏ రైల్లో ఏ టికెట్ చెల్లుతుందో, రైలు ఆలస్యమైతే ఆ టికెట్ మీకు ఏ హక్కు ఇస్తుందో ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రీజనల్ రైలుకూ, దూరప్రయాణపు రైలుకూ తేడా ఎలా తెలుస్తుంది?

రైలు నంబరు ముందున్న అక్షరాలు చూడండి. ఐసీఈ, ఐసీ, ఈసీ అని ఉంటే దూరప్రయాణపు రైళ్లు. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉంటే రీజనల్ రైళ్లు. ఆర్‌ఈ అంటే రీజనల్ ఎక్స్‌ప్రెస్. పేరులో ఎక్స్‌ప్రెస్ ఉంది కదా అని కంగారు పడక్కర్లేదు, అది కూడా రీజనల్ కిందికే వస్తుంది.

రంగును బట్టి పోల్చుకుందామంటే కుదరదు. జర్మనీ రైల్వే సంస్థ డాయిచె బాన్ (డీబీ) వారి రీజనల్ రైళ్లు చాలావరకు ఎర్రగా ఉంటాయి కానీ, చాలా రాష్ట్రాల్లో రీజనల్ రైళ్లను వేరే కంపెనీలు నడుపుతున్నాయి. వాటి రంగులు, పేర్లు వేరు. రీజనల్ టికెట్ మాత్రం వాటిలోనూ చెల్లుతుంది. ఫ్లిక్స్‌ట్రెయిన్ సంగతి వేరు. అది దూరప్రయాణాలు నడిపే ప్రైవేటు సంస్థ, దాని టికెట్ విడిగా కొనాలి.

డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే దేశమంతా తిరగొచ్చా?

తిరగొచ్చు, కానీ రీజనల్ రైళ్లలో మాత్రమే. ఊళ్లలోని బస్సులు, ట్రాములు, మెట్రోలు కూడా అందులో కలిసే ఉంటాయి. ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లలో మామూలుగా చెల్లదు. 2023 మే నెలలో నెలకు 49 యూరోలతో మొదలైంది. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఇదే టికెట్ 60 శాతం ధరకు సెమిస్టర్ ఫీజులోనే కలిపి వస్తుంది. కాబట్టి యూనివర్సిటీలో చేరే పిల్లలు తొందరపడి విడిగా కొనకుండా ముందు అది కనుక్కోవాలి.

ఇది నెలవారీ సబ్‌స్క్రిప్షన్. ఒక్క నెలకే కావాలన్నా కొనుక్కోవచ్చు, కానీ ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. లేకపోతే తర్వాతి నెల డబ్బులు కూడా అకౌంటులోంచి పోతాయి. చూసిపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా తీసుకోవచ్చు. టికెట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే వాడాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. సెకండ్ క్లాసుకే చెల్లుతుంది. చాలా రీజనల్ రైళ్లలో ఫస్ట్ క్లాస్ అంటే ఒక మూల నాలుగైదు వరుసలే. గోడ మీద పెద్ద "1" అంకె కనిపిస్తే అక్కడ కూర్చోకండి.

అయితే మొత్తం దీని మీదే తిరిగేస్తే డబ్బు మిగలదా?

దగ్గర ప్రయాణాలకు తప్పకుండా మిగులుతుంది. బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కు మాత్రం ఆలోచించండి. వేగంగా వెళ్లే ఐసీఈలో నాలుగు గంటల ప్రయాణం, రీజనల్ రైళ్లు మారుతూ వెళ్తే పగలంతా పోతుంది. మధ్యలో ఒక్క కనెక్షన్ తప్పినా అర్ధరాత్రి అవుతుంది. పెద్ద సూట్‌కేసులతో, పెద్దవాళ్లతో అలాంటి ప్రయాణం పెట్టుకోవద్దనే నేను చెప్తాను.

రీజనల్‌లోనే వెళ్లి తీరాల్సిన దారి కూడా ఒకటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్‌కు ఐసీఈ 2002లో తెరిచిన కొత్త లైను మీద గంటకు 300 కిలోమీటర్ల వేగంతో గంటా గంటంపావులో చేరుస్తుంది, దారిలో కనిపించేవి సొరంగాలూ హైవేలే. పాత లైను రైన్ నది గట్టునే సాగుతుంది. కోబ్లెంజ్ మీదుగా వెళ్లే రీజనల్ రైలు ఎక్కితే కొండల మీద కోటలు, ఏటవాలు ద్రాక్షతోటలు, నదిలో సరుకు పడవలు వరుసగా కనిపిస్తాయి. సమయం రెట్టింపు పైనే పడుతుంది, అయినా అమ్మానాన్నలను ఒక్కసారైనా ఆ దారిలో తీసుకెళ్లండి. మైన్జ్ నుంచి వెళ్తున్నప్పుడు నది కుడివైపు ఉంటుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో దిగాక రైలు ఎక్కడ ఎక్కాలి?

మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది తికమక పడేది ఇక్కడే. ఎయిర్‌పోర్టులో స్టేషన్లు రెండు. టెర్మినల్ 1 అడుగున ఉన్నది రీజనల్ స్టేషన్. ఊళ్లోకి వెళ్లే ఎస్8, ఎస్9 రైళ్లు, ఆర్‌ఈలు అక్కడ ఆగుతాయి. ఐసీఈలు ఆగేది ఫెర్న్‌బాన్‌హోఫ్ అనే రెండో స్టేషన్‌లో, టెర్మినల్ 1 నుంచి రోడ్డు మీది వంతెన దాటి వెళ్లాలి. సామాను ట్రాలీతో పది పదిహేను నిమిషాలు వేసుకోండి. వేరే టెర్మినల్‌లో దిగితే ముందు టెర్మినల్ 1కు చేరుకోవాలి, ఆ సమయం అదనం. మీ టికెట్ మీద "ఫెర్న్‌బీఎఫ్" అని ఉంటే రెండోది, "రెగియోనాల్‌బీఎఫ్" అని ఉంటే అడుగున ఉన్నది.

విమానం దిగిన వెంటనే ఉండే రైలుకు చవక టికెట్ కొనకండి. ఇమిగ్రేషన్ లైను, సామాను బెల్టు మన చేతిలో లేవు. విమానం దిగే సమయానికి కనీసం మూడు గంటల తర్వాతి రైలు తీసుకోండి, లేదా ఆ ఒక్క ప్రయాణానికి ఏ రైలైనా ఎక్కగలిగే ఫ్లెక్స్‌ప్రైస్ టికెట్ కొనండి. కొత్త దేశంలో మొదటి రోజు పాతిక, ముప్పై యూరోలు ఎక్కువైనా అది వృథా కాదు.

సూపర్ స్పార్‌ప్రైస్, స్పార్‌ప్రైస్, ఫ్లెక్స్‌ప్రైస్: ఏది కొనాలి?

మొదటి రెండూ చవక, ముందుగా కొనేకొద్దీ ఇంకా చవక. కానీ టికెట్ మీద రాసిన ఐసీఈ లేదా ఐసీలోనే వెళ్లాలి. అదే దారిలో అరగంట ముందు వచ్చిన ఐసీఈ ఖాళీగా ఉన్నా ఎక్కకూడదు. సూపర్ స్పార్‌ప్రైస్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదైనది, అయితే ఆ రోజు ఆ దారిలో ఏ రైలైనా ఎక్కవచ్చు.

ఏడాదిలో నాలుగైదు దూరప్రయాణాలు ఉంటే బాన్‌కార్డ్ 25 తీసుకోండి, చవక టికెట్ల మీద కూడా 25 శాతం తగ్గుతుంది. 27 ఏళ్ల లోపు వాళ్లకు ఆ కార్డు ఇంకా చవక. తీసుకున్న రోజే దాన్ని రద్దు చేసే గడువు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఊరుకుంటే మరుసటి ఏడాదికి దానంతట అదే కొనసాగి బిల్లు ఇంటికి వస్తుంది. మన పిల్లలకు ఈ బిల్లులు రావడం నేను చాలాసార్లు చూశాను.

నా రైలు ఆలస్యమై కనెక్షన్ తప్పితే ఆ చవక టికెట్ పోయినట్టేనా?

పోదు. గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరేట్టు ఉంటే, లేదా మీ రైలు రద్దయితే, ఆ రైల్లోనే వెళ్లాలన్న నిబంధన పోతుంది. తర్వాతి ఐసీఈ ఎక్కవచ్చు, మళ్లీ టికెట్ కొనక్కర్లేదు. డీబీ నావిగేటర్ యాప్‌లో మీ ప్రయాణం దగ్గర ఆ సంగతి చూపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని టీసీకి చూపించండి.

అయితే ఈ హక్కు ఒకే టికెట్ మీద ఉన్న ప్రయాణానికే వర్తిస్తుంది. అందరూ దెబ్బతినేది ఇక్కడ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇల్మెనౌలో చదివే అమ్మాయి ఇండియా వెళ్లడానికి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకు బయల్దేరిందనుకుందాం. ఎర్‌ఫర్ట్ దాకా రీజనల్ రైలే, అక్కడ ఐసీఈ ఎక్కాలి. చేతిలో డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కదా అని ఎర్‌ఫర్ట్ నుంచి మాత్రమే సూపర్ స్పార్‌ప్రైస్ కొంటుంది. ఇల్మెనౌ రైలు ఆలస్యమై ఐసీఈ వెళ్లిపోతే, రైల్వే లెక్కలో అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఐసీఈ సమయానికే వెళ్లింది, ఈ అమ్మాయి రాలేదు, అంతే. కొత్త టికెట్ కొనాల్సిందే. అదే టికెట్ ఇల్మెనౌ నుంచే తీసుకుని ఉంటే తర్వాతి ఐసీఈలో అదనంగా ఒక్క యూరో కట్టకుండా వెళ్లేది.

ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి గమ్యం దాకా ఒకే టికెట్‌గా కొంటే ధర ఎంతో ఒకసారి వెతికి చూడండి. చాలాసార్లు తేడా కొద్ది యూరోలే, ఒక్కోసారి తేడానే ఉండదు. విమానానికి వెళ్లే రోజైతే ఇక ఆలోచించకండి, ఒకే టికెట్ తీసుకోండి.

ఆలస్యానికి డబ్బు తిరిగి ఇస్తారని విన్నాం, నిజమా?

నిజం. గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలైతే 50 శాతం ఇస్తారు. 40 యూరోల టికెట్ మీద గంట ఆలస్యానికి 10, రెండు గంటలకు 20 యూరోలు వస్తాయి. 4 యూరోలకు తక్కువైతే చెల్లించరు. 12 యూరోల టికెట్ మీద గంట ఆలస్యమైతే వచ్చేది 3 యూరోలే కాబట్టి చేతికేమీ రాదు. మూడు నెలల లోపు అడగాలి. టికెట్ యాప్‌లో కొన్నదైతే అక్కడే నాలుగైదు నొక్కులతో పని అయిపోతుంది. వోచర్ కావాలా, బ్యాంకులో డబ్బు కావాలా అని అడిగితే బ్యాంకే ఎంచుకోండి.

తీవ్రమైన వాతావరణం, పట్టాల మీద మనుషులు ఉండటం లాంటి కారణాలకు ఇవ్వకపోవచ్చు. రైల్వే సిబ్బంది సమ్మెకు ఆ మినహాయింపు లేదు. గంటకు మించి ఆలస్యం అవుతుందని తెలిసి మీరు ప్రయాణమే మానుకుంటే మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది, సూపర్ స్పార్‌ప్రైస్‌కైనా సరే.

డాయిచ్‌లాండ్ టికెట్‌కు గంట ఆలస్యానికి వచ్చేది 1.50 యూరోలు. 4 యూరోలు దాటేదాకా కూడబెట్టి ఒకేసారి అడగాలి. రీజనల్ రైలు ఆలస్యమైంది కదా అని ఆ టికెట్‌తో ఐసీఈ ఎక్కే హక్కు లేదు, గుర్తుంచుకోండి.

జర్మనీ రైళ్లు సెకను తేడా లేకుండా నడుస్తాయంటారు కదా?

అది పాత మాట. 2024లో దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని "సమయానికే" అని లెక్కవేసి. పాతబడిన పట్టాలు, సిగ్నళ్లు, ఒకే లైను మీద మితిమీరిన రద్దీ దీనికి పెద్ద కారణాలు. ఇప్పుడు ఒక్కో ముఖ్యమైన లైనును నెలల తరబడి మూసి బాగుచేస్తున్నారు. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య లైను జూలై నుంచి డిసెంబర్ దాకా మూశారు. హాంబర్గ్, బెర్లిన్ లైనును 2025 ఆగస్టులో మూశారు. అలాంటప్పుడు రీజనల్ రైళ్ల బదులు ఎస్‌ఈవీ అని రాసిన బస్సులు నడుస్తాయి. మామూలు టికెట్ వాటిలో చెల్లుతుంది, కానీ బస్సు స్టేషన్ వెలుపల ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవడానికే పది నిమిషాలు పడుతుంది.

యాప్ ఏడెనిమిది నిమిషాల కనెక్షన్లు కూడా చూపిస్తుంది. రైలు మారడానికి కావలసిన సమయాన్ని సెట్టింగుల్లో మీరే పెంచుకోవచ్చు. నేను అరగంటకు తక్కువ పెట్టను.

వెయిటింగ్ లిస్ట్, ఆర్‌ఏసీ, తత్కాల్ ఉంటాయా?

ఏవీ లేవు. ఐసీఈ టికెట్ అంటే రైలెక్కే హక్కు మాత్రమే, సీటు కాదు. సీటు రిజర్వేషన్‌కు విడిగా సెకండ్ క్లాస్‌లో ఐదారు యూరోలు కట్టాలి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం, క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లో తప్పకుండా కట్టండి. లేదంటే డోర్ దగ్గర సూట్‌కేసు మీద కూర్చుని నాలుగు గంటలు వెళ్లాల్సి రావచ్చు.

రిజర్వేషన్ లేకపోతే సీటు పైనున్న చిన్న తెర చూడండి. అక్కడ రెండు ఊళ్ల పేర్లు ఉంటే ఆ రెండింటి మధ్య ఆ సీటు ఎవరిదో. మీరు అంతకుముందే దిగిపోతుంటే హాయిగా కూర్చోవచ్చు. తెరలో ఏమీ లేకపోతే ఖాళీ. రిజర్వేషన్ ఉన్నవాళ్లు రైలు బయల్దేరిన 15 నిమిషాల లోపు వచ్చి కూర్చోకపోతే సీటు మీద హక్కు పోతుంది.

మీ బోగీ ఎక్కడ ఆగుతుందో కూడా ముందే చూసుకోవాలి. ప్లాట్‌ఫారం మీద ఏ నుంచి మొదలై ఎఫ్, జీ దాకా అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. రెండు ఐసీఈలు జతగా వస్తే పొడవు దాదాపు 400 మీటర్లు. ఏ దగ్గర నిలబడ్డవాళ్ల బోగీ ఎఫ్ దగ్గర ఆగితే, సామానుతో పరుగెత్తడానికి మాన్‌హైమ్ లాంటి స్టేషన్‌లో ఉండేది రెండు మూడు నిమిషాలే. బోగీల వరుస యాప్‌లో ఉంటుంది. ఒక్కోసారి రైలు తిరగబడిన వరుసలో వస్తుంది, అప్పుడు ఆఖరి నిమిషంలో అనౌన్స్‌మెంట్ చేస్తారు. అందరూ ఒక్కసారిగా అటు నడవడం మొదలుపెడితే మీరూ బోర్డు చూడండి. ఇక సమయం లేకపోతే దగ్గరున్న డోర్‌లో ఎక్కేసి లోపలినుంచి నడవండి.

జతగా వచ్చిన రెండు రైళ్లకు లోపల దారి ఉండదు, దారిలో విడిపోవచ్చు కూడా. బెర్లిన్ నుంచి పశ్చిమానికి వచ్చే ఐసీఈలు హామ్ స్టేషన్‌లో విడిపోయి, ఒక భాగం డార్ట్‌మండ్, ఎస్సెన్ వైపు, ఇంకోటి హాగెన్, వుపర్‌టాల్ వైపు వెళ్తాయి. ఎక్కేముందు బోగీ పక్కనున్న తెర మీద మీ ఊరు పేరు ఉందో లేదో చూసుకోండి.

పిల్లలకు టికెట్ కావాలా?

దూరప్రయాణపు రైళ్లలో ఆరేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు పెద్దవాళ్లతో వస్తే ఉచితం, కానీ టికెట్ కొనేటప్పుడే వాళ్లను చేర్చాలి. తర్వాత చేర్చడం కుదరదు. డాయిచ్‌లాండ్ టికెట్‌తో ఈ సదుపాయం లేదు, ఆరేళ్లు నిండిన పిల్లలకు వేరే టికెట్ ఉండాలి.

నలుగురైదుగురం కలిసి ఒక్కరోజు తిరగాలంటే?

ఆ రాష్ట్రపు డే టికెట్ తీసుకోండి. బవేరియాలో బాయెర్న్ టికెట్ ఒక్కటి తీసుకుంటే ఐదుగురి దాకా రీజనల్ రైళ్లలో తిరగవచ్చు. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే మొదలవుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది.

ఊళ్ల పేర్లలో జాగ్రత్త పడాలా?

పడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండున్నాయి. మనకు కావలసింది మైన్ నది మీదిది. ఓడర్ నది మీది ఫ్రాంక్‌ఫర్ట్ పోలండ్ సరిహద్దులో ఉంది. హాలె కూడా రెండు. పెద్ద నగరాల్లో స్టేషన్లూ ఒకటి కాదు. కొలోన్‌లో కొన్ని ఐసీఈలు సెంట్రల్‌లో కాకుండా నదికి అవతల మెస్సె డాయిట్జ్‌లో ఆగుతాయి. బెర్లిన్ సెంట్రల్‌లో ప్లాట్‌ఫారాలు పైన కొన్ని, నేల అడుగున కొన్ని.

టికెట్ చూపించకపోతే ఫైన్ ఎంత?

60 యూరోలు. తెలియదన్నా, కొత్తగా వచ్చామన్నా వదలరు. మళ్లీ మళ్లీ దొరికితే పోలీసు కేసు దాకా వెళ్తుంది. సివిల్ డ్రెస్‌లో ఉండే చెకింగ్ వాళ్లు ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లలో, ట్రాముల్లో ఎక్కువ. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్ కొన్ని ఊళ్లలో ప్లాట్‌ఫారం మీదున్న చిన్న పెట్టెలో పెట్టి స్టాంపు గుద్దించుకోవాలి, గుద్దించకపోతే టికెట్ లేనట్టే లెక్క. ఫోన్ చార్జ్ అయిపోతే ఆ బాధ్యత మీదే, పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోండి. పెద్దవాళ్లకైతే ఆన్‌లైన్ టికెట్‌ను ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టి ఇవ్వండి. టికెట్ మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

అమ్మానాన్నలు ఒంటరిగా రైల్లో రాగలరా?

రాగలరు. రైలు మారక్కర్లేని నేరు ఐసీఈ చూడండి, డబ్బు ఎక్కువైనా సరే. సీట్లు రిజర్వ్ చేయండి. బోగీ నంబరు, సీటు నంబరు, దిగే స్టేషన్, దానికి ముందు స్టేషన్, చేరే సమయం ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వాట్సాప్‌లో ఫొటో పంపండి. ముందు స్టేషన్ తెలిస్తే దిగడానికి నిదానంగా సిద్ధమవుతారు. రీజనల్ రైళ్లలో డోర్లు వాటంతట అవి తెరుచుకోకపోవచ్చు, మీట నొక్కాలని చెప్పండి. నడవలేనివాళ్లకు డాయిచె బాన్ సహాయ సేవ ఉంది. ముందురోజే నమోదు చేసుకుంటే ఎక్కించి దించుతారు.

సామానుకు బరువు లెక్క లేదు. కూలీలు దొరకరు కాబట్టి ఎత్తగలిగినంతే తెమ్మనండి. పులిహోర, చపాతీలు రైల్లో నిశ్చింతగా తినవచ్చు. నిశ్శబ్ద బోగీలో మాత్రం స్పీకర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడకూడదు.

యూరప్ అంతా తిరగడానికి పాస్ ఉంటుందా?

ఇండియా నుంచి చూడటానికి వచ్చేవాళ్లకు యూరైల్, యూరప్‌లో నివాసం ఉన్న విద్యార్థులకు ఇంటర్‌రైల్. ఒకే ఇంట్లో అమ్మానాన్నలది ఒక పాస్, పిల్లలది ఇంకో పాస్ అవుతుంది. ఇంటర్‌రైల్‌తో నివాసమున్న దేశంలో బయటికి వెళ్లే ప్రయాణం, తిరిగొచ్చే ప్రయాణం మాత్రమే చేయవచ్చు.

బెర్త్ కావాలంటే ఆస్ట్రియా రైల్వే వారి నైట్‌జెట్ రైళ్లు ఉన్నాయి, హాంబర్గ్ నుంచి వియన్నాకు, బెర్లిన్ నుంచి జ్యూరిక్‌కు. పాస్ ఉన్నా బెర్త్‌కు విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేయించుకోవాలి.

రాత్రి ఆఖరి రైలు రద్దయి మధ్యలో చిక్కుకుంటే?

మొదట ఆ స్టేషన్‌లోని సమాచార కౌంటర్‌లో అడగండి, అది మూసేస్తే టీసీని అడగండి. ఆ రోజు ఆఖరి కనెక్షన్ రద్దయి అర్ధరాత్రిలోపు గమ్యం చేరే దారి లేకపోయినా, రాత్రి 12 నుంచి ఉదయం 5 మధ్య చేరాల్సిన రైలు గంటకు పైగా ఆలస్యమయ్యేట్టు ఉన్నా, రైల్వే వేరే దారి చూపించకపోతే టాక్సీలో వెళ్లి 120 యూరోల దాకా తిరిగి అడగవచ్చు. అదే వైపు వెళ్లే ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి టాక్సీ తీసుకోండి. రాత్రి ఉండిపోవడం తప్పనిసరైతే హోటల్ ఖర్చు కూడా అడగవచ్చు. రసీదు లేకపోతే ఒక్క యూరో రాదు. టాక్సీ దిగేముందే బయల్దేరిన ఊరు, చేరిన ఊరు, తేదీ రాయించుకోండి.

డాయిచ్‌లాండ్ టికెట్‌తో సరిహద్దు దాటవచ్చా?

కొన్ని చోట్ల ఒక్క స్టేషన్ అవతలికి చెల్లుతుంది. మ్యూనిక్ నుంచి రీజనల్ రైల్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లి రావచ్చు, కుఫ్‌స్టైన్ కూడా. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నింటిలో తనిఖీలు చేస్తోంది. తిరుగు ప్రయాణంలో పోలీసులు రైలెక్కి అడుగుతారు. పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు ఒరిజినల్స్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.